పరస అంగడి: తిమ్మమ్మ మఱ్ఱిమాను, కదిరి జాతర సంతల చరిత్రకు ఆధారాలు

జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో క్రిస్మస్‌కు ముందు జరిగే అంగడికి పుట్టిన సంవత్సరం ఉంది. 1434లో సాక్సనీ పాలకుడు రెండవ ఫ్రెడరిక్, క్రిస్మస్‌కు ముందు వచ్చే సోమవారం నాడు ఒక్కరోజు సంత జరుపుకోవడానికి ఆ నగరానికి అనుమతి ఇచ్చాడు. అక్కడ అమ్మే ‘స్ట్రీట్సెల్’ అనే పండుగ రొట్టె పేరే కాలక్రమాన అంగడికి స్థిరపడింది. ఒక్కరోజు సంత నెలనాళ్ళ ఉత్సవమైంది. స్థానికపు తినుబండారాలు, చెక్కబొమ్మలు, ఇంటికి తీసుకుపోయే చిన్నచిన్న కానుకలు ఇప్పటికీ ఆ అంగడికి ప్రాణం.

శ్రీ సత్యసాయి జిల్లా నంబులపూలకుంట మండలంలోని గూటిబైలు గ్రామంలో, కదిరికి ఇంచుమించు 25 కిలోమీటర్ల దూరాన, తిమ్మమ్మ మఱ్ఱిమాను ఉంది. బుక్కపట్నంలో 1394లో పుట్టిన తిమ్మమ్మ, రోగపీడితుడైన భర్త బాలవీరయ్యకు సేవలు చేసి, అతడు మరణించగా 1434లో సహగమనం చేసిందని, చితికి నాటిన గుంజలలో ఒకటి చిగిర్చి ఈ మఱ్ఱి అయిందని స్థానిక ఐతిహ్యం. శివరాత్రికి అక్కడ పెద్ద జాతర జరుగుతుంది. సంతానం లేని దంపతులు వచ్చి మొక్కుకుంటారు.

రెండు చోట్లా 1434 కనిపించడం కాకతాళీయం. దాని నుండి ఏ సిద్ధాంతాన్నీ లాగే ఉద్దేశం నాకు లేదు. అయితే ఆ రెండు తేదీల స్వభావంలో ఉన్న తేడా మన చరిత్ర రచనకు సంబంధించిన ఒక చిక్కును చూపిస్తుంది. డ్రెస్డెన్ తేదీ అంగడిది; గూటిబైలు తేదీ అమ్మవారిది. అక్కడ ప్రభువు సంతను గుర్తించాడు. ఇక్కడ లోకం ఒక మరణాన్ని గుర్తుపెట్టుకుంది. మన జాతరల మీద వచ్చిన వ్యాసాలలో స్థలపురాణం ఉంటుంది, పూజావిధానం ఉంటుంది, మొక్కుబడులు ఉంటాయి. చెట్టు చుట్టూ గుడారాలు వేసుకున్న అంగళ్ళు మాత్రం చివరి వాక్యంలో ‘దుకాణాలు కూడా వెలుస్తాయి’ అన్న మాటతో ముగిసిపోతాయి. ఆ చివరి వాక్యాన్ని మొదటికి తెచ్చి, అంగడినే ఆధారంగా చదివితే ఏమి తెలుస్తుందన్నది ఈ వ్యాసంలో నేను పరిశీలించదలచిన అంశం.

మాటలు

సంత వేరు, జాతర వేరు. సంత వారానికొకసారి అవసరం కోసం జరుగుతుంది. జాతర ఏడాదికొకసారి దైవం పేరిట జరుగుతుంది. ‘జాతర’ సంస్కృత ‘యాత్ర’కు వికృతి, కదిలి వెళ్ళడం అందులోని భావం. ‘తిరునాళ్ళు’లో పవిత్రమైన రోజు అన్న కాలభావన ఉంది. రాయలసీమలో వినిపించే ‘పరస’ అన్న మాటకు మూలం ‘పరిషత్’. అంటే జనం కూడడమే ప్రధానం. కన్నడంలో ఇదే ‘పరిషె’. ఒకే వ్యవస్థకు ప్రయాణం ఒక పేరు, దినం ఒక పేరు, సమూహం ఒక పేరు పెట్టాయి. ఆశ్చర్యమేమంటే ఈ మూడింటిలో ఏదీ అమ్మకం కొనుగోళ్ళను చెప్పదు. జర్మన్ పేరులో ‘మార్క్ట్’ అని అంగడి బాహాటంగా ఉండగా, మన పేర్లలో అది మరుగున ఉండిపోయింది. ‘తీర్థమూ స్వార్థమూ కలిసివచ్చినట్లు’ అన్న సామెత ఒక్కటే ఆ గుట్టు విప్పుతుంది.

నంబులపూలకుంట అన్న ఊరిపేరు సైతం గమనింపదగినది. ‘నంబి’ అంటే ఆలయార్చకుడు. నంబుల పూలకుంట అన్న సమాసాన్ని విడదీస్తే, గుడి సేవకు పూలు పెంచిన కుంట అన్న అర్థం స్ఫురిస్తుంది. ఇది నా ఊహ మాత్రమే. అయినా ఆలయానికి వస్తువు సమకూర్చే పని మీద ఊళ్ళు ఏర్పడడం ఈ సీమలో కొత్త కాదు. ఖదిర వృక్షం, అంటే చండ్రచెట్టు, పేరు మీదనే కదిరి ఏర్పడిందని చెబుతారు. ఒక క్షేత్రానికి చండ్ర, మరొక క్షేత్రానికి మఱ్ఱి. రెండింటి నడుమ ప్రయాణం గంట కూడా పట్టదు.

రికార్డులలోని ఖాళీ

కదిరి ప్రాంతపు జాతరల గురించి బ్రిటిష్ కాలపు రచనలలో సమాచారం వెదకబోయిన పరిశోధకునికి ఒక విచిత్రమైన అడ్డంకి ఎదురవుతుంది. 1800లో నిజాము కంపెనీకి దత్తం చేసిన జిల్లాలలో కదిరి ఒక భాగం. తరువాత అది కడప జిల్లాలో చేరింది. 1882లో బళ్ళారి నుండి విడదీసి అనంతపురం జిల్లాను ఏర్పాటు చేసినప్పుడు కదిరి తాలూకా అందులో లేదు. 1910లో మాత్రమే అది కడప నుండి అనంతపురానికి మారింది. నేటి నంబులపూలకుంట, తనకల్లు, గాండ్లపెంట, తలుపుల మండలాల భూభాగమంతా అప్పటి కదిరి తాలూకాలోనిదే.

ఇప్పుడు గెజిటీర్ల సంవత్సరాలు చూడాలి. డబ్ల్యు. ఫ్రాన్సిస్ అనంతపురం గెజిటీరు 1905లో వెలువడింది. అప్పటికి కదిరి అనంతపురంలోకి రాలేదు. సి.ఎఫ్. బ్రాకెన్‌బరీ కడప గెజిటీరు 1915లో వెలువడింది. అప్పటికి కదిరి కడపలో లేదు. మద్రాసు జిల్లా గెజిటీర్లలో ముఖ్యమైన రెండు సంపుటాల మధ్య నుండి ఒక తాలూకా జారిపోయింది. ఇక మిగిలింది జె.డి.బి. గ్రిబుల్ 1875లో రాసిన కడప జిల్లా మాన్యువల్. అది గెజిటీర్ల పద్ధతి స్థిరపడక ముందుది. కదిరి సీమ జాతరల మీద తరువాతి రచయితలు ఐతిహ్యాల మీదనే అంతగా ఆధారపడడానికి వాళ్ళ అశ్రద్ధ కంటే ఈ సరిహద్దు మార్పే ఎక్కువ కారణమని నా అభిప్రాయం. సరిహద్దు గీత ఒక్కొక్కప్పుడు చరిత్రను సైతం రెండు బల్లల నడుమ పడేస్తుంది.

ఆ లోటును కొంత తీర్చింది 1961 జనాభా లెక్కల శాఖ. ఎ. చంద్రశేఖర్ పర్యవేక్షణలో ఆంధ్రప్రదేశ్ జిల్లాలన్నిటికీ జాతరలు, పండుగల మీద విడివిడి సంపుటాలు వెలువడ్డాయి. వాటి ప్రత్యేకత ఏమిటంటే, గ్రామదేవత పేరు, తిథి, పూజారి కులం, వచ్చే జనంతోపాటు అంగళ్ళలో ఏమి అమ్ముతారో కూడా అడిగి రాయించారు. పాత్రలు, లాంతర్లు, అద్దాలు, దువ్వెనలు, దేవుళ్ళ పటాలు, మట్టిబొమ్మలు, చెక్కబొమ్మలు, చేనేత బట్టలు, తినుబండారాలు అన్న జాబితా చిన్న చిన్న మార్పులతో ఊరూరికీ పునరావృతమవుతుంది. విసుగు పుట్టించే ఆ పునరావృత్తే దాని విలువ. జానపద విజ్ఞాన పరిశోధకులు ఆ సంపుటాలను దేవతల పేర్ల కోసం వాడుకున్నంతగా వస్తువుల పేర్ల కోసం వాడుకోలేదు.

సాహిత్యంలో అంగడి నడక

అంగడిని అంగడిగా చూసిన దృష్టి మన సాహిత్యంలో లేకపోలేదు. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన ‘క్రీడాభిరామం’ అందుకు శ్రేష్ఠమైన సాక్ష్యం. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ‘ప్రేమాభిరామా’న్ని అనుసరించిన వీథి అది. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే మిత్రులిద్దరు ఓరుగల్లు వీధులలో రోజంతా తిరుగుతారు. ఏకవీర గుడి, మైలారదేవుని గుడి, కోడిపందేలు, పొట్టేళ్ళ పోట్లాటలు, పల్నాటి వీరుల కథ పాడే స్త్రీ, పూటకూళ్ళ ఇంట రూకకు దొరికే భోజనం, అన్నీ వాళ్ళ కంట పడతాయి. కర్తృత్వం వల్లభరాయనిదా శ్రీనాథునిదా అన్న చర్చ పండితులను ఎంతోకాలం పట్టి ఉంచింది. అయితే సాంఘిక చరిత్రకు ముఖ్యమైనది అందులోని నడక. ఒక బ్రాహ్మణుడు, ఒక వైశ్యుడు కలిసి దైవదర్శనం, భోజనం, బేరం, వినోదం ఒకే దారిలో, ఏ సంకోచమూ లేకుండా ముగించుకుంటారు. గుడి ముందు ఏది పవిత్రం, ఏది వ్యాపారం అన్న విభజన వాళ్ళకు లేదు. ఆ విభజన తరువాతి కాలపు వ్యాసకర్తలది.

సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో ‘క్రీడాభిరామం’, ‘శుకసప్తతి’, ‘హంసవింశతి’ వంటి కావ్యాల నుండి తిండి, బట్ట, ఆటలు, సరుకుల వివరాలు ఏరి చూపిన పద్ధతి ఇక్కడ మనకు దారి. ‘శుకసప్తతి’ కర్త పాలవేకరి కదిరీపతి పేరులోనే కదిరి నరసింహుడున్నాడు. ప్రబంధాలలోని వస్తువుల పట్టికలను కవుల చాపల్యమని ఈసడించిన విమర్శకులున్నారు. ఆ పట్టికలే లేకపోతే 18వ శతాబ్దానికి ముందు తెలుగు అంగడిలో ఏమున్నదో చెప్పడానికి మనకు విదేశీయుల మాటలే దిక్కయ్యేవి.

విదేశీయుల మాటలూ విలువైనవే. తిమ్మమ్మ ఐతిహ్యానికి చెప్పే కాలం విజయనగరంలో రెండవ దేవరాయల పాలనాకాలం. అబ్దుర్ రజాక్ 1443లో ఆ రాజధానికి వచ్చి అక్కడి అంగడివీధులను వర్ణించాడు. సుమారు 1520 ప్రాంతంలో వచ్చిన డొమింగో పేస్, ఒక వీధిలో ప్రతి సాయంత్రమూ సంత జరుగుతుందని, అక్కడ నిమ్మ, నారింజ, ద్రాక్ష వంటి పండ్లు, కట్టెలు, నాసిరకపు గుఱ్ఱాలు సైతం అమ్ముతారని, శుక్రవారం సంతలో పందులు, కోళ్ళు, ఎండుచేపలు దొరుకుతాయని రాశాడు. స్యూయెల్ 1900లో ప్రచురించిన గ్రంథం ద్వారా ఈ వర్ణనలు మన చరిత్రకారులకు సుపరిచితాలయ్యాయి. ఇవన్నీ రాజధాని చిత్రాలు. గూటిబైలు వంటి చోట, రాజు చూడని, యాత్రికుడు రాని చోట, అంగడి ఎట్లా ఉండేదో వీటిని బట్టి నిర్ణయించలేము. అందుకు వేరే పద్ధతి కావాలి.

అంగడి పొరలు

పురావస్తు శాస్త్రజ్ఞుడు మట్టిపొరలను చదివినట్లు, జాతర అంగడిలోని సరుకులను వాటి వయస్సును బట్టి చదవవచ్చు. ఈ ప్రాంతపు జాతరలో ఎక్కడైనా కనిపించేవి బొరుగులు, బెల్లం, బత్తాసులు, చెరకుగడలు, ఉడికించిన శెనక్కాయలు, మిరపకాయ బజ్జీలు, టీ, గాజులు, పసుపు కుంకుమలు, పటాలు, ప్లాస్టిక్ బొమ్మలు. ఒకే పందిరి కింద ఉన్నా వీటి వయస్సులు వేరు.

బొరుగులు, బెల్లం, చెరకు అన్నిటికంటే కింది పొర. మిరపకాయ అమెరికా ఖండం నుండి పోర్చుగీసుల ద్వారా వచ్చింది. 16వ శతాబ్దానికి ముందు ఏ జాతరలోనూ బజ్జీ వాసన ఇప్పటిలా ఉండే అవకాశం లేదు. వేరుశనగ పుట్టినిల్లు దక్షిణ అమెరికా. మద్రాసు రాష్ట్రంలో అది వాణిజ్య పంటగా నిలదొక్కుకున్నది 19వ శతాబ్దంలో. అనంతపురం మెట్టభూములను అది ఆక్రమించడం ఆ తరువాతి కథ. కదిరి పరిశోధన కేంద్రం నుండి వచ్చిన కదిరి–6, కదిరి లేపాక్షి వంటి వంగడాలు నేడు ఆ ఊరిపేరును దేశమంతటా మోస్తున్నాయి గాని, తిమ్మమ్మ కాలపు బుక్కపట్నానికి శెనక్కాయ తెలియదు. రాయలసీమ రైతుకు అనాదిగా ఉన్నదని మనం భావించే తిండి నిజానికి జాతరలో కొత్తగా వచ్చి చేరిన చుట్టం.

ఈ పద్ధతికి మంచి నిదర్శనం కదిరిలో దొరుకుతుంది. ఫాల్గుణ మాసపు బ్రహ్మోత్సవాలలో లక్ష్మీనరసింహస్వామి రథం కదిలేటప్పుడు భక్తులు దానిమీద దవనం, పండ్లు, మిరియాలు చల్లుతారు. కింద పడిన మిరియాలను ప్రసాదంగా ఏరుకుంటారు. రోగాలు పోగొడతాయని నమ్మకం. మిరప రాకముందు తెలుగువాని కారం మిరియమే. కొత్తగా వచ్చిన కాయకు ‘మిరప’ అన్న పేరు సైతం మిరియం నుండే వచ్చింది. వంటింట్లో మిరప గెలిచింది. రథం మీద మాత్రం మిరియం తన చోటు వదలలేదు. ఆచారం పాత సరుకును పట్టుకుంటుంది, అంగడి కొత్త సరుకును పిలుస్తుంది. రథవీధిలో మిరియాలు అమ్మేవాడు, ఆ పక్కనే బజ్జీలు వేసేవాడు నిలబడితే, వాళ్ళిద్దరి నడుమ ఉన్నది నాలుగైదు వందల ఏళ్ళ దూరం. రథోత్సవం మిరప వ్యాప్తికి ముందే రూపుదిద్దుకున్నదని దీనినిబట్టి రూఢిగా చెప్పలేకపోయినా, ఆ దిశగా ఆలోచించడానికి ఇది బలమైన సూచన.

పైపొర రైలు తెచ్చింది. 19వ శతాబ్దం చివర ధర్మవరం–పాకాల మార్గం కదిరి మీదుగా పడింది. 1961 జాబితాలలోని లాంతర్లు, అద్దాలు, దువ్వెనలు, అచ్చుపటాలు రైలు చేరిన తరువాతి లోకానివి. దూరదేశపు సరుకు జాతరకు వచ్చిన కొద్దీ స్థానిక చేతిపని అంగడి అంచుకు జరిగింది. ధర్మవరం మండలం నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారులు దీనికి తార్కాణం. ఒకప్పుడు జాతర రాత్రులలో తెరమీద రామాయణం ఆడించిన బొమ్మే ఇప్పుడు దీపపు గూడుగా, గోడకు తగిలించే అలంకారంగా, నగరపు హస్తకళల ప్రదర్శనలో కానుకగా అమ్ముడుపోతున్నది. ఆ కళాకారులలో దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఆట పోయి వస్తువు మిగలడాన్ని నేను పతనమనలేను, పునరుజ్జీవమని సంబరపడనూలేను. జాతర వదిలిన కళను మరో రకపు అంగడి పట్టుకున్నది, అంతే.

పేరంటాలు, కానుక

గాజులు, పసుపు, కుంకుమల మాట విడిగా చెప్పాలి. తిమ్మమ్మ వంటి స్త్రీలను మన జనం ‘పేరంటాలు’ అంటారు. ముత్తైదువగా మరణించి దైవత్వం పొందినదన్న భావన అది. పేరంటాండ్ర గుడులు, సతీశిలలు తెలుగునాట అనేకం. ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పడం పరిశోధకుని బాధ్యత. బెంగాల్ ప్రభుత్వం 1829లో, మద్రాసు ప్రభుత్వం మరుసటి ఏడు నిషేధించిన సహగమనాన్ని ఘనకార్యంగా చెప్పడం 1987 చట్టం దృష్ట్యా నేరం, చరిత్ర దృష్ట్యా తప్పు. ఆ మరణాన్ని పొగడకుండానే, దాని చుట్టూ స్త్రీలు కట్టుకున్న లోకాన్ని అధ్యయనం చేయవచ్చు.

పేరంటం అంటే ముత్తైదువలను పిలిచి పసుపు, కుంకుమ, గాజులు, రవికగుడ్డ, పండు తాంబూలం ఇవ్వడం. పేరంటాలికి సమర్పించేవీ అవే. ఆమె జాతర అంగడిలో ఎక్కువగా అమ్ముడుపోయేవీ అవే. కనుక గాజుల అంగడి జాతరకు అనుబంధం కాదు. పూజాద్రవ్యం, కానుక, సరుకు ఈ మూడూ అక్కడ ఒకే వస్తువు. అమ్మవారికి పెట్టిన గాజుల జతకు జోడు ఇంట్లో ఉన్న కోడలికి చేరుతుంది. జాతరకు రాలేని పక్కింటివారికి బొరుగులు, బత్తాసులు పంచడం ఈ పంపకంలో చివరి మెట్టు. డ్రెస్డెన్‌లో పిల్లలకోసం కొన్న చెక్కబొమ్మకూ దీనికీ ఇక్కడ పోలిక కలుస్తుంది. రెండు చోట్లా కొన్నవాడు తనకోసం కొనడు. అయితే మన దగ్గర కానుక ముందు దైవాన్ని తాకి వస్తుంది.

మతం మారినా ఈ నిర్మాణం మారదనడానికి ఈ ప్రాంతమే సాక్ష్యం. కదిరి బ్రహ్మోత్సవాలలో ముస్లింలు పాల్గొనడం ప్రసిద్ధం. పెనుకొండ బాబా ఫకృద్దీన్ దర్గా ఉరుసులోనూ ఇవే మిఠాయిలు, ఇవే గాజులు. విజయవాడ గుణదలలో ఫిబ్రవరి 9 నుండి 11 వరకు జరిగే మేరీమాత ఉత్సవాన్ని జనం తిరునాళ్ళనే పిలుస్తారు. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగిన మెదక్ చర్చి ఆవరణకు క్రిస్మస్‌కు వచ్చే జనం, అక్కడి దుకాణాలు మన దేశీయమైన క్రిస్మస్ అంగడి. దానికి ఎవరూ ఆ పేరు పెట్టలేదు. జాతర అన్న మాట అప్పటికే సిద్ధంగా ఉండడం వల్ల కొత్త పేరు అవసరపడలేదనుకుంటాను.

నగరానికి చేరిన పరస

ఈ పరస ఒక మహానగరపు శీతకాలపు అంగడిగా ఎట్లా నిలిచిందో చూడాలంటే బెంగళూరు వెళ్ళాలి. బసవనగుడిలో కార్తీకమాసపు చివరి సోమవారం నాడు ‘కడలెకాయి పరిషె’ జరుగుతుంది. తొలిపంట శెనక్కాయను బసవనికి అర్పించడం ఆచారం. కర్ణాటక, తమిళనాడులతోపాటు ఆంధ్రప్రాంతపు రైతులు, వర్తకులు అక్కడికి కాయ తెస్తారు. ఒక ఎద్దు పొలాలు మేసిపోతుండగా రైతులు మొక్కుకున్నారని, కెంపెగౌడ 1537లో గుడి కట్టించాడని ఐతిహ్యం. 1537లో ఆ పొలాలలో వేరుశనగ పండిందని పంటల చరిత్ర ఒప్పుకోవడం కష్టం. ఎద్దు మేసింది మరేదో పంటను; శెనక్కాయ తరువాత వచ్చి కథలో ఆ పంట స్థానాన్ని ఆక్రమించింది. గూటిబైలులోనూ ఇదే జరిగి ఉండవచ్చు. తేదీ స్థిరంగా ఉంటుంది, వస్తువులు మారుతుంటాయి. మారిన వస్తువులను బట్టి జనం తేదీని మళ్ళీ నమ్ముతారు.

కాలం ఎంపికలోనూ తర్కం ఉంది. వేరుశనగ నవంబరు, డిసెంబరులలో ఇంటికి వస్తుంది. దేశంలో అతి తక్కువ వర్షం పడే ప్రాంతాలలో ఒకటైన ఈ సీమలో రైతు చేతిలో డబ్బు కనిపించేది ఆ తరువాతి రెండు మూడు నెలలే. మాఘ బహుళ చతుర్దశికి గూటిబైలు, ఫాల్గుణంలో కదిరి. అంగడి సర్దుకునే వర్తకునికి ఈ తిథులు వరుసగా అమరి ఉన్నాయి. వేసవి ముదిరిన తరువాత కొనేవాడూ ఉండడు, చెట్టు నీడ తప్ప నీడా ఉండదు.

ఆ నీడ విస్తీర్ణం 19,107 చదరపు మీటర్లు. బెంగళూరు పత్రికా రచయిత రిగ్రెట్ అయ్యర్ కృషితో 1989లో గిన్నిస్ గ్రంథంలో అది నమోదయింది. ఆ తరువాత మఱ్ఱిమానుకు శివరాత్రి కాని రోజులలోనూ సందర్శకులు వస్తున్నారు. మొక్కు లేని యాత్రికుడు జాతర చరిత్రలో కొత్త మనిషి. అతనికి పసుపు కుంకుమలు అక్కరలేదు. నీళ్ళ సీసా, టీ కావాలి. అంగడిపొరలలో ఇది తాజాది. దీనిని ఇప్పుడే నమోదు చేయకపోతే రేపటి పరిశోధకుడు మళ్ళీ ఐతిహ్యాన్నే ఆశ్రయిస్తాడు.

డ్రెస్డెన్‌కు ఉన్నటువంటి అనుమతి పత్రం మనకు దొరకకపోవచ్చు. దానికి సమీపమైనది మరొకటి ఉంది: వేలంపాట. మన జాతరలలో అంగళ్ళ స్థలాలకు రుసుము వసూలుచేసే హక్కును దేవస్థానమో పంచాయతీయో ఏటా పాట పెట్టడం వాడుక. పాడినవాడి పేరు, మొత్తం, షరతులు, అంగడికింత అన్న లెక్క అందులో ఉంటాయి. ఒక చోట ముప్పై నలభై ఏళ్ళ పాట పుస్తకాలు వరుసగా దొరికితే, గాజుల అంగళ్ళు ఎన్ని తగ్గాయో, టీ అంగళ్ళు ఎన్ని పెరిగాయో, కరవు ఏడు ఎంతకు పడిపోయిందో అంకెలలో చూపవచ్చు. పాతవాటిలో సంవత్సరం క్రీస్తుశకంలో కాక ఫసలీలో ఉంటుంది. 590 కలుపుకుని చదవాలి.